నాలుగిళ్ళ పట్టుచీర

బేగంపేటలో మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇస్త్రీ బండి ఉంది. పొద్దున్నే బండతను పెట్టెలో బొగ్గులు రాజేసి, తడి చల్లిన బట్ట మీద ఆనించగానే లేచే ఆవిరి వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది. అందరికీ అది శుభ్రమైన బట్టల వాసన. నేను మాత్రం లేచి కిటికీ మూసేస్తాను.

రాంగోపాల్‌పేట్‌లో మా చిన్నప్పటి ఇంట్లో నాలుగు వాటాలు. నాలుగు కుటుంబాలకూ ఒకటే నల్లా, ఒకటే వాకిలి, ఒకటే పట్టుచీర. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. అమ్మ, పక్క వాటా సత్తమ్మ పెద్దమ్మ, ఎదురు వాటాల ఎల్లమ్మత్త, భాగ్యమ్మత్త కలిసి కొనుక్కున్న చిలకపచ్చ చీర, అరచేతి వెడల్పు ఎర్రంచు. ఎవరి చుట్టాలింట్లో పెళ్ళయితే ఆ వారం చీర వాళ్ళది. కట్టినామెకు ఒకటే షరతు: తిరిగొచ్చి పెళ్ళంతా చెప్పాలి. మల్లెపూలూ, బగారన్నం మసాలా, హోమం పొగా కలగలిసిన ఆ చీరను నీడపట్టున తాడు మీద ఆరేసి, దాని కిందే నలుగురూ కూచుని, పెళ్ళికూతురి మెడలో ఏమేం పెట్టారో, పప్పులో ఉప్పెక్కువైందని వియ్యపురాలు ఎట్లా మూతి తిప్పిందో చెప్పుకుంటుంటే, పిల్లలం తలా ఒక లడ్డూ ముక్క చప్పరిస్తూ వినేవాళ్ళం. ఆ తర్వాత మడతల్లో ఎండు వేపాకు పెట్టి దాచేవాళ్ళు. మాకు లేనిదేమిటో ఆ రోజుల్లో నాకు తెలియనే తెలియదు.

అమ్మ వంతు వచ్చిన ప్రతిసారీ ఇంకెవరికో అవసరం పడేది, అమ్మ ఇచ్చేసేది. నా పదో ఏట బోయిన్‌పల్లిలో మా మేనమామ పెళ్ళి కుదిరింది. ఈసారి మాత్రం ఎవ్వరికీ ఇవ్వనని అమ్మ ముందే చెప్పేసింది. పెళ్ళి ముందురోజు ఆమె నల్లా దగ్గర ఉన్నప్పుడు, సంతోషపెడదామని, భాగ్యమ్మత్త ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చాను. పట్టు మీద పాతగుడ్డ పరిచి రుద్దాలని నాకెవరు చెప్పారు? పెట్టె ఎత్తేసరికి దాని ముక్కంత మేర నల్లగా మాడింది. వెంట్రుకలు కాలిన వాసన.

నలుగురూ చుట్టూ చేరారు. ఒక్కరూ తిట్టలేదు, అదే నా ఖర్మ. సత్తమ్మ పెద్దమ్మ మాడిన చోటు వేళ్ళతో మడిచి చూసింది.

“ఏం గాదు, కుచ్చిళ్ళల్ల వోతది. కట్టుకో చెల్లె.”

“నా బిడ్డనే కాలవెట్టింది. నేనెట్ల కట్టుకుంట అక్కా,” అంది అమ్మ.

ఎంత బతిమాలినా వినలేదు. సొంత తమ్ముడి పెళ్ళిలో వెలిసిన నూలుచీరతో, ఫోటో తీసినప్పుడల్లా వంటల వైపు వెళ్ళిపోయింది. నేను ఆమె కొంగు పట్టుకుని వెనకాలే తిరిగాను.

మిగతా ముగ్గురూ మాడిన చోటు కుచ్చిళ్ళలో దాచుకుని ఆ చీర కట్టారు. అమ్మ తన వంతు మళ్ళీ అడగలేదు. రెండేళ్ళకు కామెర్లు ముదిరి అమ్మ చనిపోయింది. సత్తమ్మ పెద్దమ్మ కూతురి పెళ్ళి అప్పటికి నెల రోజులే ఉంది. ఆమె లోపలికెళ్ళి చీర తెచ్చేసరికి నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దు వదినా, పిల్ల పెండ్లికి నీకు గావాలె.”

“గిది ఆమె వంతు. తమ్ముని పెండ్లికి కట్టలే. గిప్పుడన్న కట్టనియ్యి.”

స్నానం చేయించి, పసుపు రాసి, చీర కట్టారు. మచ్చ కనబడకుండా కుచ్చిళ్ళు సర్దింది సత్తమ్మ పెద్దమ్మే. అమ్మతోపాటే చీరా పోయింది. నెల తర్వాత పెళ్ళికూతురి తల్లి నూలుచీరలో పీటల పక్కన నిలబడింది. నేను చూశాను. పన్నెండేళ్ళ పిల్లను, ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

ఉద్యోగం వచ్చాక అదే రంగు చీర వెతికి సత్తమ్మ పెద్దమ్మకు తీసుకెళ్ళాను. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరింది.

“మంచిగుంది బిడ్డా. గానీ కట్టుకొనొచ్చి ఎవరికి చెప్పాలె?”

ఇప్పుడు ఆమె కూడా లేదు. ఆ ఇల్లు దుకాణాలైపోయింది. నా బీరువా నిండా పట్టుచీరలే. మొన్న ఒక పెళ్ళికి వెళ్ళొచ్చి, లిఫ్టు దిగి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. మా అంతస్తులోనూ నాలుగు వాటాలే. మిగిలిన మూడు తలుపులూ వేసి ఉన్నాయి. అక్కడి పప్పులోనూ ఉప్పెక్కువైందన్న సంగతి నాలోనే ఉండిపోయింది.