వెనక్కి దాటమన్న సారు

మా సైన్సు సారు పోయారన్న కబురు మొన్న మా మరిది అంగడి నుంచి తెచ్చాడు. కూరగాయల సంచి దించకముందే చెప్పాడు. కడచూపు దక్కుతుందో లేదోనని బస్సులో కూర్చున్నంతసేపూ కిటికీలోంచి మైలురాళ్లు లెక్కపెట్టాను. చెయ్యెత్తిన ప్రతివాడి కోసం ఆగుతున్న డ్రైవరును మనసులో తిట్టుకున్నాను. చివరికి చూపు దక్కింది. నాకు ఫికర్, అదే దిగులు, పుట్టుకతోనే వచ్చిందని మా అవ్వ అనేది. ఆ ఫికర్‌ను చూసి నవ్వని మనిషి ఆయనొక్కరే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కేతేపల్లి దగ్గరి మా ఊళ్లో ఏడో తరగతి దాకా ఉన్న బడి అది. సారు ఆ కాలంలో అందరిలాగే ఉర్దూలో చదువుకున్నవారు. మాకు తెలుగులో పాఠం చెప్పాల్సి వచ్చేసరికి మాతోపాటే ఆయనా మాటలు వెతుక్కున్నారు. కణాల గురించి చెబుతూ, "ఇల్లు గట్టాలంటే ఇటుకలు బండి మీద రావాలె. మన ఒంట్ల గట్ల గాదు, ఇటుకలే ఇటుకలను కంటయి" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. కనడం మానేస్తే ఎట్లా అన్న భయం పట్టుకుంది.

సోమవారం గోళ్లు చూసేవారు, కింది కనురెప్ప లాగి ఎరుపు చూసేవారు. "ఒళ్లు అబద్ధమాడది, అడిగెటోనికి అడుగ రావాలె" అనేవారు. ఏడాదికోసారి మమ్మల్ని గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద పలక పెట్టి, బొగ్గుతో ఎత్తు గీసేవారు. పక్కన పేరు రాసేవారు. ఆయన చేతిరాత ఎంత అధ్వానమంటే, ఏ గీత ఎవరిదో ఆయన్నే అడగాల్సి వచ్చేది.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు రెండో తరగతి చదివే మా తమ్ముణ్ణి అట్లాగే నిలబెట్టారు. కొత్త గీత గీయబోయి ఆగిపోయారు. పాత గీత మీదే పలక ఆనింది.

"ఏడాదాయె గదరా, గీడనే ఉన్నవేంది?" అన్నారు.

వాడు ఎదగకుండా చేసింది నేనే. పడుకున్న పిల్లల్ని దాటితే ఎదగరని మా ఇళ్లలో నమ్మకం. పొరపాటున దాటినా వెంటనే వెనక్కి దాటాలి. మాది నేతపని ఇల్లు. ఒక మధ్యాహ్నం మగ్గం దగ్గర బాపు "కండెలు తే బిడ్డా, నాడె ఆగింది" అని కేకేస్తే, నాడెలో పెట్టే నూలు కండెల బుట్ట పట్టుకుని, నేల మీద నిద్రపోతున్న తమ్ముణ్ణి దాటి పరుగెత్తాను. వెనక్కి దాటడానికి వచ్చేసరికి వాడు లేచి కూర్చున్నాడు. ఆ సంగతి ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరైనా "వీడేంది గిట్ల గిడసబారిండు" అంటే నాకు అన్నం సహించేది కాదు.

ఆ రోజు బడి వదిలాక సారు దగ్గర ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"నీ కాలుకు గంత బలముందా బిడ్డా?" అన్నారు, కానీ నవ్వలేదు. ఎముకలు కొసల దగ్గర ఎట్లా పెరుగుతాయో తన చేతి మీద చూపించారు. తర్వాత తమ్ముణ్ణి పిలిచి కనురెప్ప లాగారు. లోపల తెల్లగా పాలిపోయి ఉంది.

"మన్ను తింటున్నవా రా?"

వాడు తల దించుకున్నాడు. "మగ్గం గుంటల గోడది. తడిగుంటది సారూ, మంచిగుంటది."

నేసేటప్పుడు కాళ్లు దించే ఆ గుంట అంచు ఎందుకు రాలిపోతోందో అప్పుడు తెలిసింది. బాపు ఏడాదంతా పందికొక్కులను తిట్టాడు.

సాయంత్రం సారు మా ఇంటికొచ్చారు. కడుపులో పురుగులుండవచ్చని, దవాఖానలో చూపించాలని చెప్పారు. మందు పడక పిల్లవాడికి ఏమన్నా అయితే ఎట్లా అని అమ్మ ఏడుపు. "జర నువ్వే చూడు సారూ, నేను మగ్గం ఇడిస్తే ఎట్ల?" అన్నాడు బాపు. మర్నాడే సారు వాణ్ణి సైకిలు మీద సూర్యాపేటకు తీసుకుపోయారు. బయలుదేరే ముందు నన్ను పక్కకు పిలిచారు.

"వాడు పగటిపూట పన్నప్పుడు వెనుకకు దాటు బిడ్డా. వాని సంగతి మందు చూస్కుంటది. నీ సంగతి ఎవరు చూస్తరు?"

సైన్సు చెప్పే మనిషి ఆ మాట అన్నాడంటే ఇప్పటికీ కొందరు నమ్మరు. నేను దాటాను. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మందు పడింది, పురుగులు పడ్డాయి, అవి ఉత్త కాళ్ల నుంచి ఎక్కుతాయంటే చెప్పులు వచ్చాయి. వాడు మన్ను మానేశాడు. నా ఫికర్ మాత్రం పూర్తిగా పోలేదు. వారం వారం కొలవమని సారును సతాయించేదాన్ని. "మొలక ఎదిగిందా లేదా అని దినాం పీకి చూస్తరా?" అని తరిమేవారు. చివరికి పరీక్షల ముందు కొలిచినప్పుడు పలక పాత గీతకు రెండు వేళ్ల పైన నిలిచింది. ఆయన బొగ్గు నా చేతికిచ్చారు. నేనే గీశాను, గీత వంకర పోయింది.

పోయినసారి పుట్టింటికి వచ్చినప్పుడు సారు ముఖం నాకు నచ్చలేదు. "ఏదీ, కన్ను చూపియ్యుండ్రి" అన్నాను. "నాదేముంది చూసుడు, ముసలి కన్ను" అని తప్పించుకున్నారు. నేను పట్టుబట్టాల్సింది. ఆ బాధ నన్ను వదిలేది కాదు.

సారుకు కొడుకుల్లేరు. చదువుకున్న పిల్లలే పాడె ఎత్తారు. ఆడవాళ్లం గడప దగ్గరే ఆగిపోయాం. ముందు కుడివైపు మా తమ్ముడు. మిగతా ముగ్గురూ వాడి భుజం దాకా కూడా రారు. పాడె ఒక పక్కకు ఒరిగింది.

"అరె, జర వంగురా, సారు జారుతుండు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

వాడు మోకాళ్లు వంచాడు. పాడె సమంగా నిలిచింది. వీధి మలుపు తిరిగేదాకా వాడు అట్లాగే వంగి నడిచాడు.