కాలువ గట్టుకి అడ్డంగా గేటు

బెంజ్ సర్కిల్ దగ్గర వెనకనుంచి లారీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగితే, ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. వెంటనే నజీమా మేడమ్ గుర్తొస్తారు. మా ఆఫీసులో ఆవిడ నా పై అధికారి. యాభై దాటాక సైకిల్ కొనుక్కుని, సెలవు దొరికితే చాలు, ఒక్కరే సముద్రం దాకా వెళ్ళొచ్చేవారు. నాకూ ఆ పిచ్చి అంటించింది ఆవిడే. విజయవాడ నుంచి బందరుకి నా మొదటి ఒంటరి ప్రయాణం. ఏ దారిన వెళ్ళాలో లంచ్ టైములో కూర్చుని ఇద్దరం చూసుకున్నాం. నేను ఫోన్లో హైవే చూపించగానే ఆవిడ విసుక్కున్నారు.

"అది లారీల దారి, నీకెందుకూ? పామర్రు దాకా కాలువ గట్టు పట్టుకో. దారి తప్పితే మాత్రం రోడ్డెటు అని అడక్కు."

"మరేం అడగనండీ?"

"ఈ ఊళ్ళో వడ్లు ఏ రోడ్డు మీద ఆరబోస్తారండీ, అని అడుగు. లారీలు తిరిగేచోట ఎవడూ వడ్లు పొయ్యడు."

నేను నవ్వేసి ఊరుకున్నాను. తీరా వెళ్ళాక, ఒక ఊళ్ళో టీకొట్టు దగ్గర అలవాటుకొద్దీ రోడ్డెటని అడిగేశాను. అక్కడున్న పెద్దాయన, "అయ్యో, ఆ గతుకుల్లో నీకేం ఖర్మమ్మా! హైవే ఎక్కెయ్, నున్నగా ఉంటుంది" అంటూ లేచొచ్చి మరీ లారీల మధ్యకి సాగనంపాడు. మన వైపు మర్యాద అలాగే ఉంటుంది, ఉన్నవాటిలో మంచి రోడ్డే చూపిస్తారు. మిగతా దారంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కాను. తిరిగొచ్చి చెబితే మేడమ్, "చెప్తే వినవుగా!" అని తన డబ్బాలో ఖీమా నా వైపు జరిపారు.

ఆవిడ రిటైరయ్యాక ఎవరో మహానుభావుడు ఆ గట్టు మీదికొచ్చేలా ఫంక్షన్ హాలు కట్టి, దారికి అడ్డంగా గేటు పెట్టి తాళం వేశాడు. దాన్ని తప్పించుకోవాలంటే కాస్త దూరం హైవే ఎక్కాలి. ఆ కాస్త దూరంలోనే మేడమ్‌ని కారు గుద్దింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రికి చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట: "ఈ వయసులో హైవే మీద సైకిలేంటండీ, చోద్యం కాకపోతే!" ఎంత అన్యాయం! హైవే అంటేనే ఆమడ దూరం పోయే మనిషిని పట్టుకుని! గేటు పెట్టినవాణ్ణి ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. నేను ఉండబట్టలేక వాళ్ళమీద అరిచేశాను. మేడమ్ మంచం మీంచే నా చెయ్యి పట్టుకుని లాగారు.

"ఇక్కడ అరిస్తే ఏమొస్తుంది? ఆ అరిచేదేదో వెళ్ళి గేటు దగ్గర అరువమ్మాయ్."

ఆవిడ మళ్ళీ సైకిలెక్కలేదు. నేను మాత్రం ఎప్పుడు బయల్దేరినా ఆ గట్టు మీదుగానే వెళ్తాను. గేటు ముందు ఆగి బెల్లు కొడుతూనే ఉంటాను. "ఓనరు గార్ని అడగాలండీ" అని నసుగుతాడు వాచ్‌మన్. "కాలువ గట్టుకి ఓనరెవరయ్యా? తియ్!" అంటాను. తీసేదాకా కదలను. లోపల పెళ్ళి భోజనాలు జరుగుతున్నా సరే, బంతుల మధ్యలోంచి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళి అవతల గట్టెక్కుతాను.