కుళ్లాయప్ప మొక్కిన రాతి ఆకు

యాడికి ఊళ్లో బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటలు నడుపుతున్న కుళ్లాయప్ప ఒకప్పుడు సైన్యంలో వంటవాడు. అక్కడి నుంచి బయటికొచ్చాక, అంటార్కిటికాలో మన శాస్త్రవేత్తల స్థావరానికి వంటమనిషి కావాలంటే పేరిచ్చి వెళ్లాడు. భార్య ఓబమ్మ వద్దని మొత్తుకున్నా వినలేదు.

అక్కడ చలికాలం నడుమ ఉండగా, వాళ్లమ్మ తిమ్మమ్మ పోయిందని ఫోనొచ్చింది. ఆ కాలంలో ఓడా రాదు, విమానమూ రాదు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. కుళ్లాయప్ప వేళకు వంట చేసిపెట్టేవాడు గానీ, మనుషులతో మాట్లాడటం మానేశాడు.

వేసవి మొదలయ్యాక వచ్చిన బృందంలో త్రివేణి ఉంది. ధర్మవరంలో మగ్గాలవాళ్ల బిడ్డ, రాళ్ల మీద పరిశోధన చేస్తుంది. సంగతి విని, కొండల దగ్గర వేసే గుడారాలకు వంటకు కుళ్లాయప్పే కావాలని అడిగి తీసుకెళ్లింది.

అతను చపాతీ పిండి పిసుకుతుంటే ఆమె దగ్గరికొచ్చి కూర్చుంది.

"అన్నా, ఆ కొస నువ్వు పట్టుకో" అని, రెండో కొస తను పట్టి లాగింది. ముద్ద నడుమ పల్చబడి కిందికి జారింది.

"భూమి పైపొర కూడా ఇట్లే. రెండు పక్కలా లాగితే నడుమ కుంగుతాది. ఆ పల్లంలోకి ఏర్లు ఇసుక, బురద తెచ్చి పోస్తాయి. ఆ బరువుకి ఇంకా దిగుతాది. కోట్ల ఏండ్లకు అదంతా రాయి అయితాది."

"ఈ మంచులో ఏర్లు యాడివి పాపా?"

ఎన్నో రోజులకు అతను నోరు తెరిచి అడిగిన మాట అది.

"అప్పుడు ఈడ మంచు లేదన్నా. అడవి ఉండె."

మర్నాడు కొండ దగ్గరికి తీసుకెళ్లింది. ఇసుకరాతి పొరల మధ్య నల్లటి బొగ్గు చార. పక్కనే ఒక రాతి పలక మీద ఆకు అచ్చు, ఈనెలతో సహా.

"మన దేశం తూర్పు దిక్కు బొగ్గుగనుల్లో కూడా ఇట్లాంటి ఆకే దొరుకుతాదన్నా. అప్పుడు మన నేల, ఈ నేల కలిసే ఉండె. తర్వాత పగులు పెద్దదై, నడుమ సముద్రం వచ్చి విడిపోయినాం."

కుళ్లాయప్ప చేతి తొడుగు తీసేసి ఆ ఆకు మీద అరచేయి ఆనించాడు. "అంటే ఇది పరాయి నేల కాదు కదా పాపా?"

"కాదన్నా."

అతను రాతికి మొక్కి, కోటు లోపల దాచి తెచ్చిన డబ్బా తీశాడు. అమ్మ కోసం వండిన బెల్లమన్నం. ఒక ముద్ద రాతి మొదట్లో పెట్టబోతే త్రివేణి చేయి పట్టుకుంది.

"ఈడ మెతుకు కూడా వదలగూడదన్నా. రూలు."

అతను ఆ ముద్దను ఆమె వైపు చాచాడు. "అయితే నువ్వు తిను పాపా. ఎవురు తిన్నా మాయమ్మ సంతోషపడేది."

ఆ గాలిలో, గట్టిపడిపోతున్న అన్నాన్ని ఇద్దరూ కూర్చుని తిన్నారు. తింటూ తింటూనే కుళ్లాయప్ప భోరుమన్నాడు. ఆమె డబ్బాలో మెతుకు మిగలకుండా తుడుచుకు తినింది.

ఊరికొచ్చి ఇదంతా చెబితే ఓబమ్మ కళ్లొత్తుకుని, "ఆ చలిలో ఆ అన్నం పాపకి గొంతు దిగిందా?" అని అడిగింది.

త్రివేణి ధర్మవరం వచ్చినప్పుడల్లా యాడికి రాకుండా పోదు. మొన్న వచ్చినప్పుడు, ఎవరమ్మా ఈమె అని హోటల్లో ఒకాయన అడిగాడు. ఉగ్గాని, బజ్జీల ప్లేటు ఆమె ముందు పెడుతూ ఓబమ్మ చెప్పింది:

"మా ఆడబిడ్డ. జరగప్పా, కూచోనీ."