సైదులు కాలి మీద బొటనవేలి గుంట

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. బాత్రూంలో దయ్యం ఉందని ఆడపిల్లలు వణికినప్పుడు వాళ్లను వెంటబెట్టుకుని పోయి తలుపు తీసి చూపించేది నేనే. చిన్నప్పుడు అమ్మ తాయెత్తు కడతానంటే చెయ్యి వెనక్కి లాక్కున్నదాన్ని. దయ్యాలను ఇప్పుడు కూడా నమ్మను. ఆ సంగతి పక్కన పెట్టి, నా తమ్ముడి కాలి మీద నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

తమ్ముడి పేరు సైదులు. మాది నల్లగొండకు కొంచెం దూరంలో ఉన్న పల్లె. మా బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన పోయాక సైదులు నడుముకు మోకు కట్టుకున్నాడు. ఒక వానాకాలం తడిసిన చెట్టు మీది నుంచి జారి పడ్డాడు. కుడి మోకాలి కింద ముందరి ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. దవాఖానలో కడిగి, కుట్లు వేసి, సిమెంటు పట్టీ కట్టారు. ఎముక అతుక్కుంది. మళ్లీ చెట్లెక్కాడు. అంతటితో గండం గడిచిందనుకున్నాం.

ఏడాది దాటాక అదే కాలు నొప్పి మొదలైంది. పగలంతా బాగానే ఉండేది. పొద్దుగూకేసరికి ఎముక లోపల ఎవరో గోరుతో గీకుతున్నట్టు ఉండేదట. ఒళ్లు కాస్త వెచ్చబడేది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు సూదులు వేస్తే తగ్గేది, పది రోజులకు మళ్లీ వచ్చేది. కాలు వాచి, లుంగీ అంచు తగిలినా ముఖం చిట్లించే దశకు వచ్చాక సైదులునూ, అతని భార్య స్వప్ననూ నల్లగొండలో నేనుండే కిరాయి ఇంటికి తీసుకొచ్చాను. మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్లో. ఇంట్లో మేం ముగ్గురమే.

ఎముకల డాక్టరు వయసులో చిన్నవాడు, ఓపికస్తుడు. ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎముకలో ఇన్ఫెక్షన్ కావొచ్చు మేడం. కావొచ్చు అంటున్న, అంతే. మన దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగినోళ్ల ఎముకలు ఎక్స్‌రేల ముందే తెల్లగ కనబడ్తయి. లోపల ఏమున్నదో గిండ్ల తెలుస్తలేదు."

రక్త పరీక్షలో వాపును చూపే లెక్కలు కొంచెం ఎక్కువగా వచ్చాయి. డాక్టరు సైదులు కాలిని బొటనవేలితో నొక్కి తీశాడు. గుంట పడింది. మేం మాట్లాడుతుండగానే మెల్లగా నిండిపోయింది. నీరు పట్టిన కాలు ఇట్లాగే ఉంటుందని చెప్పాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాట నాకు మింగుడు పడలేదు. ఊళ్లో వేసిన సూదుల వల్ల ఏ క్రిమి ఉందో పరీక్షలో దొరకదట. క్రిమి తెలియకుండా మందులు వాడితే కాలు ఎప్పటికీ ఒక కొలిక్కి రాదట. అందుకని రెండు వారాలు యాంటీబయాటిక్స్ అన్నీ ఆపి, అప్పుడు ఎముక ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈలోగా జ్వరం పెరిగినా, కాలు ఎర్రబడినా ఒక్క క్షణం ఆగకుండా రావాలి.

"ముదిరితే?" అని అడిగాను.

"ముదరనీయొద్దనే గీ తిప్పలంత," అన్నాడు. కాలు తీసేయడం అనే మాట ఆయన అనలేదు. నేనూ అనలేదు. చెట్లెక్కి బతికేవాడి ముందు ఆ మాట ఎవరంటారు?

అట్లా ఎదురుచూపు మొదలైంది. జ్వరం చూసే థర్మామీటరు ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది.

మందులు ఆపిన కొన్నాళ్లకు, ఒక ఉదయం టీ ఇవ్వబోతూ సైదులు కాలి మీద గుంట చూశాను. పాత దెబ్బ మచ్చకు మూడు వేళ్ల కింద, కోలగా, లోతుగా ఉంది. ఎవరో బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కి అప్పుడే తీసినట్టుంది.

"స్వప్నా, కాలు ఒత్తినవా?"

"నేను ముట్టుకోనే లేదు వదినా. ముట్టుకోనిస్తడా?"

సైదులు అప్పుడే కళ్లు తెరిచాడు. తనకేమీ తెలియదన్నాడు. నిద్రలో తానే నొక్కుకుని ఉంటాడనుకుని బడికి వెళ్లిపోయాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే గుంట అట్లాగే ఉంది. డాక్టరు నొక్కిన గుంట మాట్లాడుతుండగానే నిండింది. ఇది పూట గడిచినా నిండలేదు. సైదులును అడిగి, దాని పక్కన నా వేలితో మెల్లగా నొక్కి చూశాను. నాది నిండిపోయింది. అది నిండలేదు. పైగా ఆ గుంటలో నా బొటనవేలు పెడితే చుట్టూ జాగా మిగిలింది. సైదులు వేలు పెట్టినా మిగిలింది.

బాల్‌పెన్నుతో దాని చుట్టూ గీత గీశాను. సాయంత్రానికి గుంట పోయింది. మర్నాడు తెల్లారేసరికి సరిగ్గా ఆ గీత లోపల మళ్లీ పడింది.

ఆ రోజు కాలి మీద మందంగా దూది పరిచి, పైన గుడ్డ పట్టీ వదులుగా చుట్టి, కొసను సూదీ దారంతో కుట్టేశాను. కుట్టు విప్పకుండా ఎవరూ చెయ్యి పెట్టలేరు. పొద్దున చూస్తే నా కుట్టు నేను వేసినట్టే ఉంది. కత్తెరతో కత్తిరించి దూది ఎత్తాను. కింద గుంట. స్వప్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"నీకేమన్న తెలుస్తాందారా?" అని సైదులును అడిగాను.

"తెల్లారగట్ల సగం నిద్రల ఉంటది అక్కా. ఎవరో కాలు పట్టుకున్నట్టనిపిస్తది. చెయ్యి సల్లగుంటది. పట్టుకున్నంతసేపు నొప్పి ఉండదు."

"భయమైతలేదా?"

"నొప్పి లేకుంటే భయమెందుకైతది?"

అమ్మకు ఫోనులో చెప్పాను. మీ బాపే వచ్చిండు బిడ్డా అని ఏడ్చింది. సైదులు ఆ మాట విని నవ్వాడు. "బాపు అయితే నొక్కి ఊకుంటడా? తడిసిన చెట్టు ఎందుకెక్కినవని నాలుగు తిడ్తుండె," అన్నాడు.

అప్పటిదాకా చూసినవాటికి ఏదో ఒక కారణం వెతుక్కోగలను. ఆదివారం మధ్యాహ్నం చూసినదానికి మాత్రం వెతుక్కోలేకపోయాను. సైదులు కిటికీ పక్కన మంచం మీద మెలకువగా పడుకుని ఉన్నాడు. ఎండ కాలి మీద పడుతోంది. పక్కనే కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. అతని చేతులు రెండూ తల కింద ఉన్నాయి. నేను చూస్తుండగానే గీత లోపలి చర్మం కిందికి దిగింది. ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా, బరువు పెంచుతూ నొక్కినట్టు. చుట్టూ చర్మం తెల్లబడింది. దాని మీద చెయ్యి లేదు, గుడ్డ లేదు, కనీసం నీడ కూడా లేదు.

చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. సైదులు నా ముఖం వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడు చూసినవా అక్కా?" అన్నాడు నెమ్మదిగా.

గడువు ముగిసింది. ఎమ్మారై తీశారు. పాత విరుపు దగ్గరే ఎముకలో తేడా ఎక్కువగా కనబడుతోందని, అక్కడే తెరిచి ముక్క తీస్తామని డాక్టరు చెప్పాడు. పెన్ను గీత ఉన్నది దానికి మూడు వేళ్ల కింద. గుంట సంగతి చెబితే నవ్వుతాడేమో. చెప్పకపోతే, తప్పు చోట వెతికి ఏమీ లేదంటే?

"సార్, నొప్పి ఇక్కడే ఎక్కువ అంటాడు," అని గీత చూపించాను. అంతవరకే చెప్పగలిగాను.

డాక్టరు అక్కడ వేలు పెట్టి కొద్దిగా ఒత్తాడు. సైదులు మంచం పట్టెను రెండు చేతులా పట్టుకున్నాడు. డాక్టరు వేలు తీసి, కంప్యూటరు ముందుకు పోయి, బొమ్మలు ఒక్కొక్కటే వెనక్కీ ముందుకీ తిప్పాడు. ఒక బొమ్మ దగ్గర ఆగాడు.

"ఇక్కడ చిన్న మచ్చ ఉన్నది. దీన్ని నేను అంత లెక్కల పెట్టలే," అన్నాడు. "రెండు జాగాలల్ల తీద్దాం మేడం."

ఆపరేషన్ గది బయట స్వప్న నా చెయ్యి వదల్లేదు. డాక్టరు బయటికి వచ్చి, కింది చోట చీము గూడు కట్టి ఉందని, అందులో బియ్యపు గింజంత చచ్చిన ఎముక ముక్క ఉందని చెప్పాడు. అంతా గీకి శుభ్రం చేశాడు. పరీక్షలో పైముక్కలో ఏ క్రిమీ పెరగలేదు. కిందిముక్కలో పెరిగింది. ఏ మందుకు లొంగుతుందో తెలిసింది. పైచోటు మాత్రమే తెరిచి ఉంటే ఏమయ్యేదని తర్వాత అడిగాను. "చీము ఎముక పొడుగునా పాకేది," అన్నాడు.

వారాల తరబడి నరానికి మందు ఎక్కించారు. తర్వాత మాత్రలు. రక్త పరీక్షలు ఒక్కోసారి ఒక్కో మెట్టు దిగాయి. వాపు పోయి కాలు సన్నబడింది. గుంట మళ్లీ పడలేదు.

ఒకరోజు ధైర్యం చేసి డాక్టరుకు అంతా చెప్పాను. నవ్వలేదు. చీము గూడు మీది చర్మం వేరేగా ఉంటుందని, నీరు అటూ ఇటూ జరిగినప్పుడు దానంతటదే దిగి ఉండవచ్చని, పట్టీ మడత కూడా కావచ్చని అన్నాడు. నాకు కొండంత బరువు దిగినట్టయింది. ఇంటికొచ్చి స్వప్నకు అదే చెప్పాను. నేనూ దాన్నే పట్టుకున్నాను.

మాత్రలు ఆపాలా వద్దా అని తేల్చే రోజు వచ్చింది. అప్పటికి సైదులు, స్వప్న ఊరికి వెళ్లిపోయారు; నేను ముందురోజే అక్కడికి పోయాను. పొద్దున దవాఖానకు బయలుదేరుతూ సైదులు గడప మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాడు. వాపు లేని, ఎముకకు అంటుకున్న ఎండుచర్మం. వేలితో ఎంత నొక్కినా గుంట పడే కాలు కాదది. ఆపరేషన్ మచ్చ పక్కన చర్మం దిగింది. అదే కోల, అదే కొలత. మేం ముగ్గురం చూశాం. కాసేపుండి, దానంతటదే పైకి వచ్చింది. తాకి చూస్తే ఆ ఒక్క చోటే చల్లగా ఉంది.

జబ్బు తిరగబెట్టిందనుకున్నాను. డాక్టరును బతిమాలి మళ్లీ ఎమ్మారై తీయించాను. ఎముక శుభ్రంగా ఉంది. రక్తం మామూలుగా ఉంది. మాత్రలు ఆపేయమన్నాడు.

తిరిగొచ్చే బస్సులో సైదులును అడిగాను. "పొద్దున నీకేమనిపించిందిరా?"

కిటికీలోంచి రోడ్డు పక్క తాటిచెట్లను చూస్తున్నాడు. ఇటు తిరగకుండానే, "పోయిండ్రు అక్కా," అన్నాడు.

ఎవరని అడగడానికి నోరు తెరిచాను. అడగలేదు.

సైదులు ఇప్పుడు కుంటకుండా నడుస్తాడు. చెట్లెక్కొద్దని నేనంటే సరేనంటాడు, ఊళ్లో ఎక్కుతున్నాడని స్వప్న చెబుతుంది. డాక్టరు చెప్పిన కారణం నీరు పట్టిన కాలికి సరిపోతుంది. ఆ చివరి ఉదయం కాలిలో నీరు లేదు, చీము లేదు, చెప్పుకోవడానికి జబ్బే లేదు. అది ఎందుకు పడిందో నాకు తెలియదు. బస్సులో తమ్ముడిని అడగని మాట ఇంతవరకూ అడగలేదు.