ఖాదర్ భాయ్‌కి కనబడని నా మీసం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను శాలిబండలోని ఒక కంటి ఆసుపత్రి శాఖకు సీనియర్ ఆప్టోమెట్రిస్టుగా వేశారు. పదవి పేరు పలకడానికి చెంబెడు మంచినీళ్లు కావాలి. పని మాత్రం చూపు కొలవడం, చుక్కలు వేయడం, అనుమానమొస్తే డాక్టరమ్మ గదికి పంపడం. రోగం పేరు చెప్పే అధికారం నాకు లేదు. నాకున్న అధికార చిహ్నమల్లా మీసం. యాకుత్‌పురా స్టేషన్‌లో రైలు దిగినవాళ్లకు కూడా దాని కొనలు కనిపిస్తాయని చెప్పుకునేవాణ్ని. ఎవరూ కాదనలేదు.

ఒక ఉదయం హుస్సేనీ ఆలం నుంచి ఖాదర్ భాయ్ వచ్చాడు. తెల్లగుడ్డ మీద ముత్యాలు పోసి, వన్నె ప్రకారం వేరుచేయడం ఆయన పని. కొన్ని నెలలుగా ఆ తెలుపు మీద ఈగల్లాంటి నల్లచుక్కలు తేలుతున్నాయట. వీటిని మేం ఫ్లోటర్లు అంటాం. కంటిలోపలి జెల్లీ వయసుతో పలచబడుతూ వేసే నీడలు, చాలామందిలో హానిలేనివి. ఫోన్‌లో చూసి తెప్పించుకున్న పోషకాల కాప్సూళ్లు మింగుతున్నాడు. మా దగ్గరికి వచ్చింది అద్దాల పవరు కోసమే.

"ఈగల ఫికర్ లేదు సాబ్, మందు ఎక్కింది. ఎడమ కంట్ల మెరుపులు కొడుతున్నయ్, ఈగలు మస్తు పెరిగినయ్."

"పెరిగితే ఎక్కినట్లెట్ల, భాయ్?"

"మా నానా, అమ్మ నాయిన, యునానీ హకీం. రోగం పొయ్యే ముందు ఉబికొస్తది అనేటోడు. కోర్సు ఒడిసేదాక ఆగాలె."

పవరు సంగతి పక్కన పెట్టాను. కుడికన్ను మూయించి, ఎదురుగా కూర్చుని, నా కంటిలోకే చూడమన్నాను. అంచుల చూపు ఉందో లేదో వేళ్లు కదిపి కనిపెట్టే పరీక్ష ఇది. నేను వేలు ఎత్తకముందే ఆయన అడిగాడు.

"మీసం ఎప్పుడు తీసేసినవ్ సాబ్?"

నా చెయ్యి దానంతటదే పైపెదవి మీదికి పోయింది. మీసం ఉంది. నవ్వు రాలేదు.

కన్ను మార్చి చూస్తే ఆయనకు మీసం కనబడింది. రెండు కళ్లూ తెరిచుంటే ఒకదాని లోటును ఇంకోటి కప్పేస్తుంది. అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక డాక్టరమ్మ చూశారు. కంటి వెనకపొర రెటీనా పైభాగంలో చిరిగి, వెనక నీరు చేరి, కిందికి ఊడుతోంది. కంటిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, పైన ఊడితే కిందున్న మీసం మాయమైంది. నడిమి భాగం మాత్రం ఇంకా అంటుకునే ఉంది. అదీ ఊడితే ఆ కంటికి ముత్యం వన్నె తెలియదు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లి ఆపరేషన్ చేయించుకోవాలన్నారు.

ఖాదర్ భాయ్ జేబులోంచి కాప్సూళ్ల డబ్బా తీశాడు. "సగం కోర్సు మిగిలుంది సాబ్. నడుమ ఇడిస్తే నానా ఒప్పుకోకపోతుండె."

"రోగం ఉబికొస్తే ఎదుటోని మీసం మాయమైతదని కూడా చెప్పిండా నానా?"

ఆయన కుడికన్ను చేత్తో మూసుకుని నా ముఖం కేసి చాలాసేపు చూశాడు. తర్వాత డబ్బా నా బల్ల మీద పెట్టి లేచాడు. "ఆటో పిలువు."

ఆపరేషన్ గాయం మానాక పరీక్షకు వచ్చినప్పుడు, నేను చెప్పకముందే కుడికన్ను మూశాడు. "వచ్చింది సాబ్. జరంత వంకరుంది."

వంకర నా మీసానిది కాదు, అతికించి నిలబెట్టిన చూపుది. ఆయన మళ్లీ తెల్లగుడ్డ ముందు కూర్చున్నాడు.

కాప్సూళ్ల మీద నాకు కక్ష లేదు. తిండిలో లోటుంటే పనికిరావచ్చు, చిరిగిన రెటీనాను మాత్రం అతికించవు. ఈగలు హఠాత్తుగా పెరిగినా, మెరుపులు కొట్టినా, ఒక పక్క నీడ కమ్మినా ఆ రోజే చూపించుకోవాలి. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నేను ఏ రోగినీ ఏం మింగుతున్నారని మాత్రమే అడిగి వదల్లేదు. మింగడం మొదలుపెట్టాక కొత్తగా ఏం కనబడుతోంది, ఏం కనబడటం లేదు అని, ఒక్కో కన్నూ విడిగా మూయించి అడిగాను.