తువ్వాల కింద మోకాలి బేరం

మొన్న బళ్లారి నుంచి చీరల మూటలతో వస్తుంటే, హగరి ఏటి వంతెన దాటాక మా ఆయన కారు బాగా నెమ్మది చేశారు. అడ్డం ఏమీ లేదు. ఎండకు రోడ్డు మెరుస్తోందంతే. పక్కనున్న కల్వర్టును, సంతలో కనబడ్డ దూరపు చుట్టాన్ని చూసినట్టు ఇద్దరం ఒకసారి చూసి ముందుకొచ్చేశాం. కొన్నేళ్ల కిందట అక్కడే ఒక బర్రె అడ్డమొస్తే, దాన్ని తప్పించబోయి కారును ఆ కల్వర్టుకు కొట్టారు. బర్రెకు ఏమీ కాలేదు. ఆయనకు గీత కూడా పడలేదు. అందుకు సంతోషించాలని నాకు తెలుసు. సంతోషించడానికి మాత్రం కొంత కాలం పట్టింది, ఎందుకంటే పగిలింది నా కుడి మోకాలు.

ఆపరేషన్ చేసి లోపల స్టీలు ముక్కలు బిగించారు. మత్తు దిగుతున్నప్పుడు నర్సమ్మ చెయ్యి పట్టుకుని "అదంతా సరే, చివరి ధర చెప్పమ్మా" అన్నానట. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. రోజూ మోకాలు వంచాలి, నిన్నటి కంటే ఇవాళ కాస్త ఎక్కువ వంచాలి. లేకపోతే అది కర్రలా బిగుసుకుపోతుంది. నాకేమో మా ఇంటి ముందుగదిలో చీరల అంగడి. తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీర మడత విప్పి ఒళ్లో పరిచి చూపిస్తే తప్ప మా వైపు ఆడవాళ్లు కొనరు. కుర్చీలో కూర్చుని అమ్మేది చీర కాదు, మందులని వాళ్ల లెక్క. మోకాలు మడవకపోతే నా అంగడి మూసుకోవడమే.

వంచే పని మా అత్త తీసుకుంది. బళ్లారి నుంచి వచ్చిన ఫిజియో అమ్మాయి దగ్గర ఎలా పట్టాలో, ఎలా తోయాలో నేర్చుకుంది. మా అత్తవాళ్లది కోస్తా నుంచి వలస వచ్చి, దేశనూరు దగ్గర కాలువ కింద వరి పండించే కుటుంబం. మా పుట్టింటివాళ్లూ కోస్తా నుంచే వచ్చారు గానీ, తాత కాలంలోనే పొలం వదిలి మిరపకాయల మండీ పెట్టారు. మాకు మాట ఈ ఊరిదైంది, బుద్ధి మండీదైంది. అత్తకు బేరం చేతకాదు. కూరగాయలవాడు ఎంతంటే అంత ఇచ్చి, "పాపం ఎండలో వచ్చాడు" అంటుంది. ఆమె వెనకాలే వెళ్లి ఆ పాపాన్ని సగం వెనక్కు తెచ్చుకునేది నేను.

ఆ రోజుల్లో ఇల్లంతా పరామర్శలే. వచ్చినవాళ్లు కాఫీ తాగి, నా కాలు చూసి, తమ ఊళ్లో ఎవరి కాలు తీసేశారో చెప్పి వెళ్లేవాళ్లు. పక్కింటామె రోజూ వాకిట్లో నుంచే, "ఏనమ్మా, కాలు మడుస్తాండావా? నిధానంగా ఐతాదిలే, అవసరం మాడొద్దు" అని సగం కన్నడంలో, తొందరపడొద్దని చెప్పేది. వాళ్ల ముందు కేక పెట్టడానికి నాకు నామోషీ. అందుకని అత్తకు మా మండీ పద్ధతి నేర్పాను. మండీలో ధర నలుగురికీ వినపడకూడదని, అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని మాట్లాడుకుంటారు. మేమూ తువ్వాల కప్పుకున్నాం. ఆమె ఒక చేత్తో నా మడమ తోస్తుంది, రెండో చెయ్యి తువ్వాల కింద నా చేతిలో ఉంటుంది. నేను ఒక్క వేలు పట్టుకుంటే నొప్పి కొంచెమే, ఇంకా వంచవచ్చు. చెయ్యంతా పట్టుకుంటే చాలు, ఆపమని.

మండీలో పుట్టినదాన్ని, మొదటే అసలు ధర చెబుతానా. రెండు వేళ్ల నొప్పికి నాలుగు పట్టుకునేదాన్ని, మూడు వేళ్లదానికి చెయ్యంతా. ఆమె తగ్గిస్తుందని నా లెక్క. మా అత్త ఏనాడూ తగ్గించలేదు. చెయ్యి పట్టుకోగానే కాలు వదిలేసి, అదే తువ్వాలతో కళ్లు తుడుచుకుని, "చాల్లే అమ్మాయ్, రేపు చూద్దాం" అనేది. ప్రతి బేరమూ నేనే గెలిచాను. మోకాలు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. డాక్టరు చూసి, వచ్చేసారికి వంగకపోతే మళ్లీ మత్తిచ్చి తామే వంచాలని, అప్పటికీ పూర్తిగా వస్తుందని చెప్పలేమని అన్నాడు.

ఆ సాయంత్రం మా నాన్న వచ్చాడు. వాకిట్లో అత్త ఆయనకు తువ్వాల సంగతంతా చెప్పడం నాకు మంచం మీదకు వినబడుతూనే ఉంది. నాన్న నవ్వి, "వదినమ్మా, మా పాప చెప్పేది మండీ ధర. యాడైనా మొదటి మాటకే ఒప్పుకుంటారా? సగం తీసేసి అడగాల మీరు" అన్నాడు. కన్నకూతురి అంగడి రహస్యం అంత చవగ్గా అమ్మేశాడు.

మర్నాడు పొద్దున నేను యథాప్రకారం అత్త చెయ్యంతా పట్టుకున్నాను. ఆమె కాలు వదల్లేదు. నా పట్టులోంచి తన చెయ్యి మెల్లిగా విడిపించుకుని, నా వేళ్లు రెండే పట్టుకుంది. ముఖం చూస్తే, పాతకాలపు దళారిలా ఎటో దూలాల వైపు చూస్తోంది.

"అత్తా, ఇది బేరం కాదు. నిజంగా నొస్తాంది."

"మరి నిన్నటిదాకా చేసిందేమిటమ్మాయ్?"

నేను నాలుగు పట్టుకున్నాను. ఆమె రెండు మీదే నిలబడింది. మూడు దగ్గర బేరం తెగింది. మోకాల్లో ఏదో చిట్లినట్టయి, కాలు అంతకు ముందెన్నడూ రానంత దూరం వచ్చింది. నా నామోషీ అంతా పోయేలా నేను అరిచిన అరుపుకు పక్కింటామె పరుగున వచ్చింది. అత్త ఏడుస్తూనే కాలు వదలకుండా, "ఏం లేదమ్మా, బేరం కుదిరింది" అని ఆమెకు చెప్పింది.

అంగడి మూయలేదు. బాసింపట్టు పూర్తిగా కుదరదు. కుడి మోకాలు కాస్త పైకి లేచి ఉంటుంది, దాని మీద చీర కొంగు వేస్తే జరీ బాగా కనబడుతుందని కనిపెట్టాను. ఇప్పుడు అత్త మోకాళ్లే అరిగిపోయాయి. సాయంత్రాలు నూనె రాస్తూ, తువ్వాల కప్పి, ఎంత అని చెయ్యి చాపుతాను. లేవలేని రోజు కూడా ఆమె ఒక్క వేలే పట్టుకుంటుంది. సరుకు ధర తగ్గించి చెప్పేవాళ్లతో ఏం చెయ్యాలో మా నాన్న నేర్పలేదు. ఒకప్పుడు ఆమె నా మాటను సగం చేసి నమ్మింది, ఇప్పుడు నేను ఆమె మాటను రెట్టింపు చేసి నమ్ముతున్నాను. కాలం మమ్మల్ని ఎప్పుడు అటువాళ్లను ఇటు మార్చి కూర్చోబెట్టిందో, ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.