బడి పక్క కిరాయి ఇల్లు

కోకాపేటలోని మా ఆఫీసులో పొద్దున్నే ఫినాయిల్ వాసన తగులుతుంది. అప్పుడే కడిగిన బాత్రూములు, తిప్పగానే ధారగా వచ్చే నీళ్లు. తోటివాళ్లెవరికీ అది పట్టదు. నాకు మాత్రం శారద టీచర్ గుర్తొస్తారు.

చుట్టూ అద్దాల మేడలు లేస్తుంటే మధ్యలో మిగిలిపోయిన ఓ పాత ఊరి సర్కారు బడి మాది. ఆవిడ సైన్సు టీచర్. లెక్కల సారు బదిలీ అయ్యాక ఆ చోటికి ఎవరూ రాలేదు కాబట్టి లెక్కలూ ఆవిడే చెప్పేవారు. ఆడపిల్లల బాత్రూముకు తలుపు లేదు, నీళ్లు అసలే లేవు. గుక్కెడు నీళ్లు తాగాలన్నా భయపడి, సాయంత్రం దాకా బిగపట్టుకుని కూర్చునేవాళ్లం. ఎనిమిదో తరగతిలో నాకు జబ్బు చేసింది. అమ్మ బడి మాన్పించేసింది. వారం తిరక్కుండా టీచర్ మా గుమ్మంలో ఉన్నారు.

"ఇగ చాలు టీచరమ్మా," అంది అమ్మ. "మూత్రంల మంటని దవాఖానకు తీస్కపోయిన. సదువు కోసం పిల్ల పానం తీస్కుంటనా?"

టీచర్ గోదావరి వైపు మనిషి, మాటకు మాట చెప్పగలరు. ఆ రోజు మాత్రం వాదించలేదు. "మీరన్నది నిజమేనండీ. కొన్నాళ్లు ఆగండి, ఏదో ఒకటి చేస్తాను," అని లేచారు.

అధికారుల చుట్టూ అప్పటికే తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నారావిడ. ఈసారి వాళ్ల దగ్గరికి వెళ్లలేదు. భర్త సణుగుతున్నా వినకుండా, హఫీజ్‌పేటలో ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి బడి గోడ పక్కనే చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆ ఇంటి పెరట్లోని బాత్రూము ముందు మేం వరస కట్టేవాళ్లం. టీచర్ చీర కుచ్చిళ్లు దోపుకుని బకెట్లు నింపేవారు. నేను మళ్లీ బడికి వెళ్లాను.

ఒకరోజు ఇంటి యజమాని వచ్చాడు. "ఏంది టీచరమ్మా, ఇల్లు నీకిచ్చిననా, బడికిచ్చిననా? దినాం ట్యాంకు ఖాళీ అయితుంది!"

"మీ మనవరాలు కూడా ఈ వరసలోనే ఉందండీ. పంపించేయమంటారా?"

ఆయన గొణుక్కుంటూ వెళ్లి మోటారు వేశాడు. మేం పగలబడి నవ్వాం. టీచర్ నవ్వలేదు.

"నవ్వకండర్రా. ఇది సర్కారు చెయ్యాల్సిన పని. నేను చేస్తున్నానని వాళ్లకి ఇంకా నిశ్చింతగా ఉంది."

ఆవిడ రిటైరయ్యాక ఓసారి వెళ్లి కలిశాను. ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి. బడిలో కొత్త బాత్రూములు కట్టారని, నీళ్లు రాక తాళం వేసి ఉంచారని చెప్పాను. ఆవిడ మోకాలు రుద్దుకుంటూ అన్నారు.

"చదువు చెబుదామని వచ్చానే నేను. సగం ఓపిక బకెట్లకే పోయింది."

"ఆ బకెట్ల వల్లే కదా టీచర్, నేను చదువుకున్నాను."

"నువ్వు చదువుకున్నావు. మిగతా వాళ్లు?"



ఈ మధ్య మా ఆఫీసువాళ్లం అదే బడి గోడలకు రంగులు వేయడానికి వెళ్లాం. ఓ పిల్లను పక్కకు పిలిచి, "పొద్దున్నుంచి నీళ్లు తాగినవా?" అని అడిగాను. అడ్డంగా తల ఊపింది. అవతల ఫొటో కోసం నన్ను పిలుస్తున్నారు. వెళ్లబుద్ధి కాలేదు.

ఆవిడ మంచితనం నాకు ఎంత అబ్బిందో తెలియదు కానీ ఆ విసుగు మాత్రం వచ్చింది. ఆ బడి బాత్రూములకు నీళ్లు ఇప్పించమని విద్యాశాఖ ఆఫీసుకు ఫోన్ చేస్తున్నాను. చూస్తామంటారు. మర్నాడు మళ్లీ చేస్తాను.